నా మెయిల్స్ క్లియర్‌గా లేవంట, ఎలా రాయాలో కాస్త చెప్పండి

కొత్తకీబోర్డు:

అందరికీ నమస్తే. ఉద్యోగంలో చేరి 14 నెలలైంది, రిపోర్టింగ్ టీమ్‌లో ఉన్నా. పని బాగానే చేస్తావ్ అంటారు గానీ పోయిన వారం మా మేనేజర్ గారు పిలిచి "నీ మెయిల్ మొత్తం చదివినా నీకేం కావాలో అర్థం కావట్లేదయ్యా, కాస్త ప్రొఫెషనల్‌గా రాయడం నేర్చుకో" అన్నారు. ప్రొఫెషనల్ అంటే ఇంగ్లీషు ఇంకా బరువుగా ఉండాలేమో అనుకుని నెట్‌లో వెతికి పెద్ద పెద్ద మాటలు ఏరి ఇంకో మెయిల్ రాసి చూపించా, ఆయన చదివి నవ్వేశారు. తిట్టినా బావుండేది.

గ్రామర్ తప్పులు పెద్దగా ఉండవు, చెకర్ పెట్టుకునే రాస్తా. మరి తేడా ఎక్కడ కొడుతోందో తెలీట్లేదు. రాసింది ఇంగ్లీషులోనే, ఇక్కడ ఉన్నదున్నట్టు తెలుగులో పెడుతున్నా, కాస్త చూసి చెప్పండి:

సబ్జెక్ట్: రిగార్డింగ్ డేటా

"గౌరవనీయులైన అందరికీ, మీరంతా బాగున్నారని ఆశిస్తున్నాను. మీకు తెలిసిందే, మా టీమ్ ప్రతి నెలా సేల్స్ రిపోర్ట్ తయారు చేస్తుంది. జులైలో సిస్టమ్ మారిన తర్వాత మాకు వచ్చే ఫైల్ ఫార్మాట్ కూడా మారింది, దాని గురించి ఇదివరకు కాల్‌లో చర్చించుకున్నాం. కొత్త ఫైల్‌లో కొన్ని కాలమ్స్ కనిపించడం లేదు, మొదట్లో పాత ఫైల్ చూసి చేత్తో నింపుకున్నాం గానీ ఇప్పుడు దానికి చాలా టైమ్ పడుతోంది, తప్పులు కూడా దొర్లే అవకాశం ఉంది. రీజియన్ కోడ్ లేకపోతే రిపోర్ట్‌లో మొత్తాలు సరిపోవడం లేదు. కాబట్టి దయచేసి ఈ విషయం పరిశీలించి వీలైనంత త్వరగా తగిన చర్య తీసుకోగలరని మనవి. అసౌకర్యానికి క్షమించండి."

టూలో ఐదుగురు, సీసీలో తొమ్మిది మంది. మూడు వారాలైంది. ఒకాయన "నోటెడ్, థాంక్స్" అని పెట్టారు, మిగతావాళ్లు అదీ లేదు. నేను మాత్రం రోజూ రాత్రి కూర్చుని కోడ్లు చేత్తో నింపుతున్నా.

పాతఇన్‌బాక్స్:

తమ్ముడూ, నీ ఇంగ్లీషుకేం కాలేదు, ముందు ఆ దిగులు వదిలెయ్. ఈ మెయిల్ నాకొస్తే నేనేం చేస్తానో చెప్తా, కోపం తెచ్చుకోకు. మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్య ఫోన్‌లో చూస్తా, సబ్జెక్ట్ "రిగార్డింగ్ డేటా", నాకు రోజూ వచ్చే వందలో తొంభై డేటా గురించే కదా, దేని డేటా అని తెరుస్తా. మొదటి మూడు వాక్యాలు నాకు తెలిసిన సంగతులే, ఓహో ఏదో సమాచారం కోసం పంపాడు అనుకుంటా. టూలో చూస్తే ఐదుగురం, సరే మిగతా నలుగురిలో ఎవరో ఒకరు చూస్తార్లే. మూసేస్తా. ఆ "నోటెడ్" పెట్టినాయన నాకంటే మంచివాడు.

నీకు కావాల్సింది రీజియన్ కోడ్. ఆ మాట ఐదో వాక్యంలో గానీ రాలేదు, అక్కడ కూడా అది కావాలని అడగలేదు, లేదని బాధపడ్డావు అంతే. తర్వాత "పరిశీలించి తగిన చర్య" అన్నావు, ఏ చర్య బాబూ? ఎవరు? వీలైనంత త్వరగా అంటే నాకు వచ్చే నెల వీలవుతుంది, అది తప్పెలా అవుతుంది? చివర్లో అసౌకర్యానికి క్షమించండి అన్నావు చూడు, అసౌకర్యం పడుతోంది నువ్వు, క్షమాపణ కూడా నువ్వే చెప్తే ఎట్లా.

మనకో అలవాటు ఉంది, ఏ సంగతైనా మొదట్నుంచి చెప్పుకొస్తాం, అప్పుడు ఇట్లా జరిగింది, ఆ తర్వాత అట్లా అయింది, అందుకని ఇదిగో ఇప్పుడు మీ దగ్గరకొచ్చా అని. ఎదురుగా కూర్చుని చెప్తుంటే బావుంటుంది, వినేవాడు ఊఁ కొడతాడు. మెయిల్‌లో ఊఁ కొట్టేవాడు ఉండడు. అమెరికన్ మిలిటరీలో దీనికోసం ఒక పద్ధతే ఉంది, బీఎల్‌యూఎఫ్ అంటారు, బాటమ్ లైన్ అప్ ఫ్రంట్, అంటే చివర్లో చెప్పాల్సింది తెచ్చి నెత్తిన పెట్టు, మిగతా చరిత్రంతా కిందికి తొయ్యి అని. చదివేవాడు మొదటి రెండు లైన్లు చూసి వదిలేసినా పని ఆగకూడదు.

నేనైతే రాసే ముందు ఒకటి చేస్తా. ఆ మనిషి సీటు దగ్గరికెళ్లి నిలబడ్డాననుకుంటా, ఆయన లేవబోతున్నాడు, నాకు పది సెకన్లే ఉంది, నోట్లోంచి ఏమొస్తుంది? "ఏవండీ, ఆగస్ట్ ఫైల్‌లో రీజియన్ కోడ్ కాలమ్ పెట్టి గురువారం లోపు మళ్లీ పంపగలరా?" అంతే కదా, అదే మొదటి లైన్. ఆ లైన్ రాయలేకపోతున్నావంటే ఇంగ్లీషు రాక కాదు, ఎవర్ని ఏం అడగాలో నువ్వింకా తేల్చుకోలేదు. నీ సంగతి అదే అని నా అనుమానం, ఐదుగురిని ఎందుకు పెట్టావో ఒక్కసారి నిజం చెప్పు.

నేనైతే ఇట్లా రాస్తా:

సబ్జెక్ట్: ఆగస్ట్ సేల్స్ ఫైల్‌లో రీజియన్ కోడ్ కాలమ్ కావాలి, గురువారం 11 సెప్టెంబర్ లోపు

"ఫలానా గారూ, ఆగస్ట్ సేల్స్ ఫైల్‌ని రీజియన్ కోడ్ కాలమ్‌తో కలిపి గురువారం 11 సెప్టెంబర్ సాయంత్రం 4 గంటల్లోపు మళ్లీ పంపగలరా? శుక్రవారం ఉదయం రిపోర్ట్ వెళ్లాలి, ఆ కోడ్ లేకుండా రీజియన్ వారీ మొత్తాలు తేలట్లేదు. జులైలో సిస్టమ్ మారాక ఈ కాలమ్ ఆగిపోయింది, పాత ఫైల్, కొత్త ఫైల్ రెండూ జత చేశాను, తేడా పసుపు రంగులో ఉంది. ఇది మీ టీమ్ చూసేది కాకపోతే ఎవర్ని అడగాలో చెప్పండి."

ఆ చివరి వాక్యం మర్చిపోకు. సగం మెయిల్స్ తప్పు మనిషికి వెళ్తాయి, వాళ్లు కూడా నాది కాదులే అని ఊరుకుంటారు. దారి చూపించమని అడిగితే చూపిస్తారు.

ఇంకోటి, డేట్ ఎప్పుడూ అంకెల్లో రాయకు, నెల పేరు పెట్టు. 11/09 అంటే మనకి సెప్టెంబర్ 11, అమెరికా వాడికి నవంబర్ 9. ఈఓడీ (ఎండ్ ఆఫ్ డే) అని కూడా రాయకు, ఎవరి రోజు ముగిసేసరికి? వేరే దేశం టీమ్ అయితే టైమ్ పక్కన టైమ్‌జోన్ కూడా పెట్టు.

నిదానంగా:

పైన అన్న చెప్పింది కరెక్టే కానీ నేను అట్లాగే ముక్కుసూటిగా రాసి దెబ్బతిన్నదాన్ని కాబట్టి రెండో వైపు కూడా చెప్తా. మెయిల్ చిన్నగా ఉండాలని ఎక్కడో చదివి వేరే టీమ్‌లో ఒక సీనియర్ గారికి "ఫైల్ 4 లోపు పంపండి" అని ఒక్క ముక్క పంపా, థాంక్స్ కూడా పెట్టలా. ఆవిడ మా లీడ్‌కి ఫోన్ చేసి ఈ అమ్మాయి నాకు ఆర్డర్లు వేస్తోందేంటి అన్నారంట. నా మనసులో ఏం లేదు, టైప్ చేసేటప్పుడు గొంతు నాకు వినిపిస్తోంది కదా, చదివే ఆవిడకి వినిపించదు, అక్కడే వచ్చింది చిక్కు.

మన భాషలో మర్యాదంతా ఆ గారులోనూ అండీలోనూ ఉండిపోయింది, మాట చివర తగిలిస్తే చాలు ఎంత కఠినమైన సంగతైనా మెత్తబడుతుంది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ రెండూ దొరకవు, వాటి బదులు ఏం పెట్టాలో తెలీక ప్రతి లైన్లో కైండ్లీ, రెస్పెక్టెడ్, హంబ్లీ అని కుక్కుతాం. తమ్ముడు వెతికి పెట్టిన పెద్ద మాటలు కూడా అవేనేమో. ఒక ప్లీజ్ చాలు. ఆర్డర్ లాగా కాకుండా పంపగలరా అని ప్రశ్నగా అడగడం, ఎందుకు కావాలో ఒక్క వాక్యం చెప్పడం, ఇవి రెండూ ఉంటే మర్యాద దానంతటదే వచ్చేస్తుంది. కారణం చెప్పామంటే వాళ్లని మనతో సమానంగా చూశామన్నట్టు, చెప్పకపోతే పనిమనిషికి పురమాయించినట్టు ఉంటుంది.

తప్పు ఎత్తిచూపాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగు బాగా పనికొస్తుంది. "మీరు ఫైల్ పంపలేదు" అని మనం ఎదుటివాళ్ల మొహం మీద అనం, "ఫైల్ నాకింకా రాలేదండీ" అంటాం. అదే ఇంగ్లీషులో కూడా పెట్టండి, మీరు అనే మాట తీసేసి ఫైల్‌తో వాక్యం మొదలుపెట్టండి. పంపి ఉండొచ్చు, స్పామ్‌లో పడి ఉండొచ్చు, వాళ్ల పరువూ పోదు మన పనీ ఆగదు. అలాగే "యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్" అని మొదలుపెట్టొద్దు, అది పైకి మామూలుగానే ఉంటుంది గానీ చదివేవాళ్లకి "చదవడం రాదా నీకు" అన్నట్టే వినిపిస్తుంది. కోపంగా ఉన్నప్పుడు రాయాల్సి వస్తే నేను టూ బాక్స్ ఖాళీగా పెట్టి రాస్తా, మర్నాడు చూసుకుంటే సగం కొట్టేస్తా.

బగ్‌బాధితుడు:

డూ ద నీడ్‌ఫుల్ (అవసరమైంది చెయ్యండి), రివర్ట్ బ్యాక్ గురించి ఎవరూ అనలేదేంటి. మన దగ్గర రివర్ట్ అంటే జవాబివ్వు అని, బయట చాలామందికి అది పాత స్థితికి వెనక్కి తీసుకెళ్లడం. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే మరీ. నేను ఒక మార్పు గురించి "ప్లీజ్ రివర్ట్" అని పెడితే అవతలి డెవలపర్ బుద్ధిగా ఆ మార్పు మొత్తం వెనక్కి తీసేసి "డన్" అని పెట్టాడు. తప్పు నాది, వాడిది కాదు. ఆ రోజు నుంచి రిప్లై అనే రాస్తున్నా. డూ ద నీడ్‌ఫుల్ తప్పు ఇంగ్లీషేం కాదు, కానీ ఆ నీడ్‌ఫుల్ ఏంటో నువ్వే చెప్పకుండా వాళ్ల మీదకి తోసేస్తున్నావ్. నీ "తగిన చర్య" కూడా అదే బాపతు.

ఒకేక్లిక్:

ఇవన్నీ ఎందుకండీ ఇప్పుడు, ఏదో ఒక ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చి ప్రొఫెషనల్‌గా మార్చమంటే రెండు సెకన్లలో ఇస్తుంది కదా.

పాతఇన్‌బాక్స్:

ఒకేక్లిక్ గారూ, ఇస్తుంది, నేనూ వాడతా. కానీ తమ్ముడి మెయిల్ దానికిస్తే రీజియన్ కోడ్ ఎవర్ని ఎప్పటికల్లా అడగాలో దానికెట్లా తెలుస్తుంది? అదే గందరగోళాన్ని ఇస్త్రీ చేసి ఇస్తుంది, పైగా మూడు లైన్లది తొమ్మిది లైన్లు చేస్తుంది. ఎవరు, ఏం, ఎప్పుడు అని మూడూ చెప్పి ఇస్తే బాగా రాస్తుంది, ఆ మూడూ తెలిస్తే మెయిల్ ఎలాగూ అయిపోయినట్టే. ఇంకోటి, కస్టమర్ల వివరాలో జీతాల లెక్కలో ఉన్న మెయిల్ తీసుకెళ్లి బయటి టూల్‌లో పేస్ట్ చేసే ముందు మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి, ఉద్యోగాలకే ఎసరొస్తుంది.

కార్బన్‌కాపీ:

నేను సీసీ గురించే చెప్తా, ఆ తొమ్మిది మందిని చూసి ఉండబట్టలేక రాస్తున్నా. సీసీ అంటే కార్బన్ కాపీ, టైప్‌రైటర్ రోజుల్లో కాయితాల మధ్య నల్ల కార్బన్ పేపర్ పెట్టి కొట్టేవాళ్లు, పైది అసలు మనిషికి, కిందది ఫైల్‌కో పై ఆఫీసర్‌కో. ఇప్పటికీ అర్థం అదే, టూలో ఉన్నోళ్లు పని చెయ్యాలి, సీసీలో ఉన్నోళ్లకి తెలిస్తే చాలు. టూలో ఐదుగురంటే అది ఎవరి పనీ కాదు. నిజంగా ఇద్దరు రెండు పనులు చెయ్యాల్సి ఉంటే మెయిల్‌లో పేరు పెట్టి, ఇది మీరు, ఇది వారు అని విడివిడిగా రాయి, లేదా రెండు మెయిల్స్ పంపు.

పై వాళ్లని సీసీలో పెట్టడం ఇంకో గొడవ. మొదటి మెయిల్‌లోనే వాళ్ల బాస్‌ని సీసీ పెడితే అది అడగడం కాదు, ఫిర్యాదు చెయ్యడం. తర్వాత తప్పక పెట్టాల్సి వచ్చినా ముందు ఆ మనిషికి ఒక మాట చెప్పి పెట్టు, రేపట్నుంచి కూడా అదే మనిషితో పనుంటుంది.

బీసీసీ అంటే బ్లైండ్ కార్బన్ కాపీ, అందులో ఉన్నోళ్లు మిగతావాళ్లకి కనిపించరు. దాన్ని గుట్టుగా ఎవరికో చూపించడానికి వాడొద్దు, అందులో ఉన్నాయన పొరపాటున రిప్లై ఆల్ కొడితే నీ గుట్టు వీధిన పడుతుంది. వందమందికి ఒకే నోటీసు పంపేటప్పుడు మాత్రం అందర్నీ బీసీసీలోనే పెట్టు, ఒకళ్ల అడ్రస్ ఇంకొకళ్లకి కనిపించదు, రిప్లై ఆల్ కొట్టినా అందరికీ వెళ్లదు. రిప్లై ఆల్ అందరికీ వెళ్తే ఏమవుతుందో 1997లో మైక్రోసాఫ్ట్ లోపలే తెలిసొచ్చింది, బెడ్లామ్ డీఎల్3 అని వేలమంది ఉన్న ఒక లిస్ట్, ఎవరో నన్నెందుకు పెట్టారు తీసెయ్యండి అని లిస్ట్ మొత్తానికి రాశారు, నన్నూ నన్నూ అని మిగతావాళ్లు, మధ్యలో దయచేసి రిప్లై ఆల్ ఆపండి అని రిప్లై ఆల్ కొట్టే మహానుభావులు, మెయిల్ సర్వర్లు చతికిలబడ్డాయి. మెయిల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీకే ఆ గతి పట్టింది.

పంపాక నాలిక కరుచుకునే రకం అయితే జీమెయిల్ సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ 30 సెకన్లకి మార్చుకో, మామూలుగా 5 సెకన్లే ఉంటుంది. ఔట్‌లుక్‌లో రీకాల్ ఉంది కదా అని ధైర్యంగా ఉండకు, అది మీ సంస్థ లోపలి మెయిల్స్‌కే, కస్టమర్‌కి వెళ్లింది వెనక్కి రాదు. నేను ముందు అటాచ్‌మెంట్ పెడతా, తర్వాత రాస్తా, టూలో పేరు చివర్న వేస్తా. అటాచ్‌మెంట్ మర్చిపోయి "సారీ ఇప్పుడు జత చేశాను" అని రెండో మెయిల్ పంపని మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, దండం పెడతా. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే ఫైల్ గూగుల్ డ్రైవ్ లింక్‌గా వెళ్తుంది, అప్పుడు వాళ్లకి తెరిచే పర్మిషన్ ఉందో లేదో నువ్వే చూసుకోవాలి, లేకపోతే యాక్సెస్ రిక్వెస్ట్ నీకొస్తుంది, నువ్వప్పటికి సెలవులో ఉంటావు.

కొత్తకీబోర్డు:

అన్నా, అక్కా, అందరికీ థాంక్స్. పాతఇన్‌బాక్స్ అన్న అడిగినట్టు నిజమే చెప్తున్నా, ఆ కాలమ్ ఎవరి టీమ్ చూస్తుందో నాకు తెలీదు, అడిగితే ఇన్నాళ్లున్నావ్ ఇది కూడా తెలీదా అంటారేమో అని అందర్నీ పెట్టేశా. నిదానంగా అక్క చెప్పినట్టు నా పెద్ద మాటల మెయిల్‌లో హంబ్లీ నాలుగుసార్లు ఉంది, ఇప్పుడే లెక్కపెట్టుకున్నా.

ఇంకో డౌట్, కొత్త మెయిల్ పంపినా జవాబు రాకపోతే ఎన్ని రోజులు ఆగాలి, జెంటిల్ రిమైండర్ అని పెట్టొచ్చా? మా టీమ్‌లో అందరూ అదే పెడతారు.

నిదానంగా:

జెంటిల్ అని మనమే రాసుకుంటే అది జెంటిల్ ఎట్లా అవుతుంది తమ్ముడూ, మూడోసారి వచ్చిన జెంటిల్ రిమైండర్ చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తొందరేం లేకపోతే రెండు పనిదినాలు ఆగు, తర్వాత అదే మెయిల్‌కి రిప్లై కొట్టు, సబ్జెక్ట్ మార్చకు, మారిస్తే జీమెయిల్‌లో వేరే థ్రెడ్ అయిపోయి పాతది విడిపోతుంది. "కింది మెయిల్ చూడండి" అని ఊరుకోకుండా అడిగింది మళ్లీ పైన ఒక్క వాక్యంలో రాయి, వాళ్లు కిందికి జరిపి చదువుతారని ఆశపడకు. గడువు దగ్గరపడితే అది కూడా చెప్పు, "బుధవారానికల్లా రాకపోతే ఈ నెల రిపోర్ట్ రీజియన్ మొత్తాలు లేకుండా వెళ్తుంది" అని, అది బెదిరింపు కాదు, జరగబోయేది ముందే చెప్పడం.

దానికీ పలక్కపోతే ఫోన్ చెయ్, లేదా లేచి వెళ్లి కలువు. నీ జులై కాల్‌లో చర్చించుకున్నాం అన్నావు చూడు, ఆ రోజే కాల్ అయిపోయిన వెంటనే "ఇప్పుడు అనుకున్నది: రీజియన్ కోడ్ ఫలానా వారు ఫలానా తేదీకి కలుపుతారు, తేడా ఉంటే చెప్పండి" అని రెండు లైన్లు పంపి ఉంటే ఇవాళ ఈ పోస్టే ఉండేది కాదు. నోటితో అనుకున్నది ఎవరికి నచ్చినట్టు వాళ్లకి గుర్తుంటుంది.

బగ్‌బాధితుడు:

మీ మేనేజర్‌ని కూడా తనకొచ్చే మెయిల్స్‌కి నిజంగా జవాబిస్తాడో లేదో అడుగు ఒకసారి. మా మేనేజర్ నాకు మెయిల్స్ రాయడం నేర్పుతాడు, తను మాత్రం సబ్జెక్ట్ లేకుండా "కాల్ మీ" అని పంపుతాడు. నాకు ఆ రోజంతా కడుపులో తిప్పుతుంది, తీరా చేస్తే లీవ్ ఎన్ని రోజులు కావాలి అంటాడు.

కొత్తకీబోర్డు:

అప్‌డేట్. నిన్న ఉదయం 10కి ఒక్కరికే పంపా, అన్న రాసిచ్చినట్టే, పాత ఫైల్ కొత్త ఫైల్ జత చేసి. సీసీలో మా మేనేజర్ గారొక్కరే. 20 నిమిషాల్లో జవాబొచ్చింది, రెండే లైన్లు: "ఈ కాలమ్ మేం పెట్టేది కాదండీ, సిస్టమ్ మారాక మాస్టర్ డేటా టీమ్ దగ్గరికి వెళ్లింది, అక్కడ ఫలానా వారిని అడగండి. ఆగస్ట్ మెయిల్ కూడా నాకొచ్చింది, అది అందరికీ పంపిన సమాచారం అనుకున్నా."

అంటే మూడు వారాలుగా ఆ ఐదుగురిలో ఒక్కరి పని కూడా కాదది.

పాతఇన్‌బాక్స్:

హహ. టూలో ఐదుగురు, సీసీలో తొమ్మిది మంది, అసలు మనిషి రెండింట్లోనూ లేడు. ఆ చివరి వాక్యం పెట్టకపోయుంటే ఇంకో మూడు వారాలు పట్టేది. ఇప్పుడు ఆ మాస్టర్ డేటా ఆయనకి పాత చరిత్రంతా ఫార్వర్డ్ చెయ్యకు, ఆయనకి కొత్తగా రాయి.

కొత్తకీబోర్డు:

సరిగ్గా అదే చెయ్యబోయా అన్నా, ఫార్వర్డ్ నొక్కి "దయచేసి కింది ట్రెయిల్ మెయిల్ (పాత మెయిల్స్ వరస) చూడగలరు" అని టైప్ చేసి మీ మెసేజ్ చూసి ఆగా. కొట్టేసి మళ్లీ రాశా, నాలుగు లైన్లు. హంబ్లీ లేదు. పంపేశాక చూసుకుంటే ఫైల్స్ జత చెయ్యలేదు.